స్టేషన్ ముందు, ఇల్లు తర్వాత

వర్లీ, ఆదివారం రాత్రి

బాపూ,

క్షేమంగా చేరాం. దాదర్ స్టేషన్‌కు అత్తే వచ్చింది. ఫోన్ చేస్తే నువ్వు "ఇల్లు దొరికిందా?" అని ఒక్క మాట అడిగి పెట్టేస్తావు. దానికి జవాబు ఇక్కడ చాలా పొడుగు, అందుకే ఉత్తరాలు రాస్తున్నా. అమ్మకూ చదివి వినిపించు.

అత్త వాళ్ళు ఇంకా తాత ఉన్న గల్లీలోనే ఉన్నారు. కిటికీ తీస్తే ఎదురుగా టవర్లే. తాత పనిచేసిన మిల్లు ఎక్కడుండేదని అడిగితే అత్త వాటి దిక్కే చెయ్యి చూపించింది. ఇల్లు వెతుక్కునే బాధ తాతకు లేనే లేదట. మన దిక్కు పద్మశాలీలు అప్పటికే వర్లీలో ఉన్నారు. వాళ్ళ ఖోలీలోనే, అంటే గదిలోనే, తాతకూ ఇంత చోటు. పగటి షిఫ్టు వాళ్ళు లేచిన చాపల మీద రాత్రి షిఫ్టు వాళ్ళు పడుకునేవాళ్ళు. మిల్లు సైరన్‌ను ఇక్కడ భోంగా అంటారు. అది వినపడిన తర్వాత బయల్దేరినా పనికి అందుకునేంత దగ్గర.

1982 జనవరిలో కార్మిక నేత దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తర్వాత చాలా మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు ఉన్నచోట ఇప్పుడు షాపింగ్ మాల్. కమలా మిల్లు ఆవరణ నిండా ఆఫీసులు, హోటళ్ళు. 1920లలో ప్రభుత్వం కట్టించిన బీడీడీ చాళ్ళు అనే ఒంటిగది ఇళ్ళ బిల్డింగుల్లో గదికి 160 చదరపు అడుగులు. వాటిని కూడా కూల్చి, పాత కాపురస్తులకు 500 చదరపు అడుగుల ఫ్లాట్లు ఇస్తున్నారు. కొత్తగా వచ్చే మాలాంటి వాళ్ళ సంగతి వేరు. ఒక బెడ్‌రూమ్ ఫ్లాటుకు బ్రోకర్ చెప్పిన కిరాయి విని, నీ అల్లుడు మర్యాదగా లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

పనికి దగ్గర్లో ఉండటం తాత పద్ధతి. అది మాకు కుదరదు, మా ఇంట్లో పనులు రెండు. నాది బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లో, బీకేసీ అంటారు. నీ అల్లుడిది క్రీక్ అవతల నవీ ముంబైలో, ఐరోలి.

అంధేరి, బుధవారం

బాపూ,

వానలో ఇల్లు చూడొద్దని నువ్వన్నావు. అత్త మాత్రం వానాకాలంలోనే చూడమంటుంది. ఎండాకాలంలో రంగు వేసి దాచిన చెమ్మ జులైలో గోడ మీదికి వచ్చేస్తుందట. రెండు ఇళ్ళలో బాత్రూమ్ వెనక గోడకు చెయ్యి ఆనించి చూసి వచ్చేశాం.

పటంలో అంధేరి ఒక్కటే. కిందికి దిగితే రెండు: రైలు పట్టాలకు ఇటు ఈస్ట్, అటు వెస్ట్. సగం శివార్లు ఇట్లాగే ఉంటాయి. "స్టేషన్‌కు పది నిమిషాలు" అని బ్రోకర్ అంటే, ఏ వైపు నుంచి అని అడగాలి. పెద్ద వానకు పట్టాల కింద ఉన్న అంధేరి సబ్‌వే నీళ్ళతో నిండితే మూసేస్తారు. ఎదురుగా కనపడే బజారుకు చుట్టు తిరిగి పోవాలి. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడిందని నువ్వు పేపర్లో చదివే ఉంటావు. ఆ రోజు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఈ వీధిలో కిరాణాకొట్టు అతను గోడ మీద చూపించాడు. నా భుజం దాకా. అప్పటి నుంచి గ్రౌండ్ ఫ్లోర్ మాట ఎత్తితే వద్దంటున్నాను.

బ్రోకర్ల మొదటి ప్రశ్న కిరాయి గురించి కాదు. "ఫ్యామిలీయా, బ్యాచిలర్లా?" రెండోది "వెజ్జా, నాన్‌వెజ్జా?" పెళ్లయిందని మొదటి ప్రశ్న దాటాం. రెండోదానికి నీ అల్లుడు నిజం చెప్తాడు. దాంతో ఒక సొసైటీలో లిఫ్టు దాకా కూడా పోలేదు. నా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిలు ఇద్దరు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి హాస్టల్లో ఉంటున్నారు.

నాకైతే అంధేరి ఈస్ట్ బంగారం. మరోల్ నాకాలో భూగర్భ మెట్రో ఎక్కితే తిన్నగా బీకేసీ. ఆ లైను 2024లో మొదలైంది. మరి నీ అల్లుడు ఇంకో మెట్రోలో ఘాట్కోపర్, అక్కడ లోకల్ ఎక్కి ఠాణా, అక్కడ మళ్ళీ బండి మారి ఐరోలి పోవాలి. పొద్దున మూడు బండ్లు, సాయంత్రం మూడు బండ్లు. ఇవాళ ఆ దారిన పోయి రాత్రి వచ్చాడు. అన్నం తింటూ ఒక్క మాట మాట్లాడలేదు.

ఐరోలి, శుక్రవారం

బాపూ,

ఇది నీకు నచ్చే ఊరు. 1970లో ఏర్పడిన సిడ్కో అనే ప్రభుత్వ సంస్థ నవీ ముంబైని గీత గీసి కట్టించింది. సెక్టార్ నంబరు, ప్లాట్ నంబరు చెప్తే ఆటో నేరుగా గుమ్మం ముందు ఆగుతుంది. రోడ్లు వెడల్పు, చెట్లు పెద్దవి. నీళ్ళ కోసం వీళ్ళకు మోర్బే డ్యామ్ సొంతంగా ఉంది. తూర్పు ముఖం ఇల్లు కూడా ఒకటి చూశాం. అంధేరిలో అడిగినదాంట్లో సగం కిరాయి. నీ అల్లుడు ఆఫీసుకు నడిచి పోతాడు.

ఇవాళ నా వంతు. ఐరోలి నుంచి ఠాణాకు చిన్న ప్రయాణమే. ఠాణాలో వంతెనెక్కి దిగి ప్లాట్‌ఫారం మారాలి. అక్కడికొచ్చే ఫాస్ట్ లోకల్ కల్యాణ్ అవతల నుంచే నిండి వస్తుంది. ఆడవాళ్ళ డబ్బాలో తలుపు దగ్గర నిలబడ్డా, కుర్లాలో జనమే నన్ను దింపారు. బయట బీకేసీ షేర్ ఆటో కోసం పెద్ద లైను. కుర్చీలో కూర్చునేసరికి మధ్యాహ్నం అయినట్టే అనిపించింది. ఈసారి అన్నం దగ్గర మాట్లాడనిది నేను.

అప్పుడు తెగింది లెక్క. మేం ఇళ్ళు చూస్తున్నాం అనుకుంటున్నాం గాని, నిజానికి ఎవరు ఎంత అలసిపోవాలో పంచుకుంటున్నాం. కిరాయిలో మిగిలే పైసలు ఇద్దరివీ. వాటి కోసం రోజూ నిలబడేది మాత్రం ఒక్కరే. నీ అల్లుడు, "ముందు స్టేషన్ తేల్చుకుందాం, ఇల్లు తర్వాత" అన్నాడు. కాగితం మీద రెండు ఆఫీసులు పెట్టి, మధ్యలో ఉన్న స్టేషన్లు రాశాం: ఘాట్కోపర్, విక్రోలి, కాంజూర్‌మార్గ్, భాండుప్, ములుండ్. సోమవారం పొద్దున ఎనిమిదింటికే పోయి చూస్తాం. ఆదివారం పట్టాల మరమ్మతులకు మెగాబ్లాక్ అని రైళ్ళు తగ్గిస్తారు, జనం ఇంట్లో ఉంటారు. ఆదివారం నచ్చిన చోటు ఆదివారానికే పనికొస్తుంది.

ములుండ్, సోమవారం

బాపూ,

దొరికింది. ములుండ్ ఈస్ట్, మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

ముంబై కార్పొరేషన్ హద్దు ఇక్కడితో అయిపోతుంది, తర్వాత ఠాణా. ఈస్ట్ నుంచి ఐరోలి వంతెన మీదుగా నీ అల్లుడికి ఒకే బస్సు. నాకు ఠాణాలో బయల్దేరే స్లో లోకల్ రెండో స్టేషన్లోనే దొరుకుతుంది, అప్పటికి సీట్లుంటాయి. ములుండ్ దాటాక కుర్లా ఏడో స్టేషన్. ఫాస్ట్ కన్నా ఆలస్యమే, కానీ కూర్చుని పోతా. షేర్ ఆటో లైను మాత్రం తప్పదు. ఇద్దరికీ గంటకు కాస్త అటూ ఇటూ. ఎవరికీ బాగా దగ్గర కాదు, అందుకే ఇద్దరం ఒప్పుకున్నాం.

నువ్వు అడుగుతావని ముందే చెప్తున్నా: ఇల్లు పడమర ముఖం. నీళ్ళు కార్పొరేషన్‌వే, పొద్దున కొన్ని గంటలు వస్తాయి, పైన ట్యాంకు ఉంది. గోడలు పొడిగా ఉన్నాయి. చేపలు వండుకోవచ్చా అని అడిగితే, ఓనరమ్మ ఏ చేప అని తిరిగి అడిగింది. కిరాయి ఐరోలి కన్నా ఎక్కువ, అంధేరి కన్నా తక్కువ. మూడు నెలల డిపాజిట్, బ్రోకర్‌కు ఒక నెల. కాగితం పదకొండు నెలలకు. దాన్ని రిజిస్టర్ చేయించే బాధ్యత ఓనరుదేనని 1999 నాటి మహారాష్ట్ర అద్దె చట్టంలో ఉంది. ఆమె కూడా ఆ మాటే చెప్పింది. పోలీస్ స్టేషన్‌లో మా వివరాలు ఇవ్వడం కూడా అయిపోయింది.

తెలుగువాళ్ళు దగ్గర్లో ఉన్నారా అని అమ్మ అడిగింది. ఈ బిల్డింగ్‌లో లేరు. పండక్కి వర్లీ పోతాం, అత్తకు మాటిచ్చాను. పదకొండు నెలల్లో ఎవరి ఆఫీసైనా మారితే మళ్ళీ కాగితం తీసి స్టేషన్లు రాస్తాం.

దసరా అయ్యాక మీరిద్దరూ రండి. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ చెయ్యండి, ఆదివారం పొద్దున దిగేటట్టు మాత్రం వద్దు. చివరి స్టేషన్ సీఎస్ఎంటీ దాకా పోకండి, కల్యాణ్‌లో దిగండి, మేం వచ్చి తీసుకుపోతాం. గ్రైండర్ తేవద్దని అమ్మకు గట్టిగా చెప్పు. మెట్లు మూడు అంతస్తులు, మోసేది నీ అల్లుడు.