గంట మోగితే లేవాల్సిందే!

సినిమా హాల్లో టిక్కెట్టు కొన్నామంటే హీరో తెర మీదికి వచ్చి తీరతాడన్న ధీమా మనకుంటుంది. కెన్యాలోని అబర్డేర్ అడవిలో ‘ది ఆర్క్’ అనే లాడ్జి వుంది. అక్కడ ఆ ధీమా పనికిరాదు. అక్కడి తెర ఒక నీటిగుంట. హీరో ఎప్పుడొస్తాడో, అసలొస్తాడో రాడో మేనేజరుక్కూడా తెలీదు!

నైరోబీకి ఉత్తరంగా, న్యేరి వూరు దాటి వెళ్ళాలి. ఏడువేల అడుగులకి పైన ఎత్తు. ఆఫ్రికా అంటే మాడ్చేసే ఎండ అనుకుని పల్చటి చొక్కాలతో వెళ్ళాను. రాత్రికి పళ్ళు టకటకలాడాయి. బైబిల్లో నోవహు ఓడలాగా కొయ్యతో 1969లో కట్టారు దీన్ని. వంతెన మీంచి లోపలికి వెళ్ళాక ఇక కిందికి దిగడానికి లేదు. మనుషులు బోనులో, జంతువులు బయట!

గుంట పక్కన ఉప్పు చల్లుతారు. రాత్రంతా దీపాలు. పడగ్గదిలో ఒక బజరు. అరుదైన జంతువు వస్తే కాపలా మనిషి నొక్కుతాడు. ఎన్నిసార్లు మోగిందన్న లెక్కనిబట్టి వచ్చింది చిరుతా, ఏనుగా, ఖడ్గమృగమా అన్నది తెలుస్తుంది.

చీకటిపడే వేళకి బురదలో అడవిదున్నలు ఓ ఇరవై. అంతలో ఏనుగులొచ్చాయి. చప్పుడు లేదు. అంతంత శరీరాలు అడుగు వినపడకుండా ఎలా వస్తాయో! ముందుకాలితో నేలని తన్ని, ఉప్పుమట్టి తొండంతో పోగుచేసి నోట్లో వేసుకుంటున్నాయి. తల్లి కాళ్ళమధ్య ఓ గున్న, తొండం ఎలా వాడాలో తెలీక తికమకపడుతోంది. ఒక దున్న మొండికేస్తే, తల్లి ఏనుగు చెవులు విప్పి రెండడుగులు వేసింది. అంతే, దున్న పరారీ. భోజనాల బల్ల దగ్గర సూపు చల్లారిపోయింది.

అన్నట్టు, ఇదే అడవిలో ‘ట్రీటాప్స్’ వుండేది, చెట్టుమీద కట్టిన బస. 1952 ఫిబ్రవరి 5 రాత్రి ఎలిజబెత్ రాకుమారి అక్కడ సినీ కెమెరా పట్టుకుని జంతువుల్ని చూసింది. తెల్లవారేసరికి శాండ్రింగ్‌హామ్‌లో తండ్రి పోయాడు, ఆమె రాణి అయింది. ఆ రాత్రి పక్కనున్నది మన కుమావూఁ పులుల జిమ్ కార్బెట్! ఆయన ఆ సంగతిని అతిథుల పుస్తకంలో రాశాడు. 1954లో మౌ మౌ తిరుగుబాటులో ఆ బస తగలబడింది, 1957లో మళ్ళీ కట్టారు.

మా బావమరిది నైరోబీలో వుంటాడు. “నువ్వు పడుకో బావా, మోగితే నేను లేపుతాగా” అన్నాడు. రెండు దాటాక మోగింది. లేపాడు కూడా. నేను స్వెట్టరు వెతికి, బూటు తొడిగి వెళ్ళేసరికి గుంట దగ్గర బురద మాత్రమే మిగిలింది. “కిఫారూ. ఇప్పుడే వెళ్ళిపోయింది సార్” అన్నాడు కాపలా అతను. కిఫారూ అంటే స్వాహిలీలో ఖడ్గమృగం. ఒక ముసలావిడ దుప్పటి కప్పుకుని అప్పటికే అక్కడ కూర్చుని వుంది. ఆవిడొక్కతే చూసింది. నామీద నాకే కోపం వచ్చింది.

పొద్దున్నే కాఫీ దగ్గర ఎవరేం చూశారో రాసే పుస్తకం తెచ్చారు.

“రాసెయ్ బావా. గంట మోగింది, జంతువొచ్చింది. నిన్నెవరడుగుతారు?”

పెన్ను తీశాను. ముందురోజు దారిలో వాడే చెప్పాడు... 1970 ప్రాంతంలో కెన్యాలో నల్ల ఖడ్గమృగాలు ఇరవై వేల దాకా వుండేవట. కొమ్ముకోసం వేటాడి ఇరవై ఏళ్ళలోపే నాలుగువందలకి దించేశారు. యెమెన్‌లో బాకుపిడులకి, చైనాలో మందులకి ఆ కొమ్ము పోయింది. ఇప్పుడు కంచెలు కట్టి, తుపాకీలతో కాపలా కాసి, చెవులకి గాట్లు పెట్టి, ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి లెక్కరాస్తూ వెయ్యి దగ్గరికి తెచ్చారు. మనుషులు అంత కష్టపడి లెక్కపెడుతుంటే, నిద్రమొహంతో చూడనిదాన్ని నేను కలిపి రాయనా?

ఏనుగులు, దున్నలు, ఒక హైనా అని రాశాను. ఖడ్గమృగం దగ్గర అడ్డంగా గీత గీశాను. పైన ముసలావిడ వొణుకు రాతలో ‘ఒకటి’ అని వుంది.

నైరోబీ చేరేదాకా మా బావమరిది నాతో మాట్లాడలేదు.