బంతిలో వలపక్షం

తెలుగువాడికి బంతి అంటే ఒకటి కాదు. పెరట్లో పూసేదీ బంతే, పెళ్ళిలో విస్తళ్ళు వేసి కూర్చోబెట్టేదీ బంతే, పిల్లలు తన్నేదీ బంతే. ఇన్ని బంతుల్ని ఏ తికమకా లేకుండా సంబాళించుకొస్తున్న మనం ఫుట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి, నాలుగు ఇంగ్లీషు మాటలకు జడిసి గట్టుమీదే నిలబడిపోతాం. ఇదేం న్యాయం, చెప్పండి?

నాకీ ఆలోచన రావడానికి కారణం మా చెల్లెలి కొడుకు. నాగర్‌కర్నూల్లో ఆరో తరగతి చదువుతున్నాడు. పరుగులో వాడికి సాటి లేరు. అలాంటివాడు ఆడుతుండగా ఒకరోజు ‘ఆఫ్‌సైడ్! ఆఫ్‌సైడ్!’ అని పదిమంది అరిచారట. అంటే ఏమిటని అడిగితే నవ్వారట. అంతే, ఆట మానేశాడు. “మామా, నేను ఎవ్వర్నీ తన్నలే, ముట్టుకోనుగూడ లే. మరి తప్పెట్లయితది?” అన్నాడు. కాళ్ళలో సత్తువ ఉన్నవాణ్ణి ఒక్క మాట బయట కూర్చోబెట్టింది చూశారూ! అందుకే వాడికీ మీకూ కలిపి చెబుతున్నాను.

ముందు పేరు సంగతి. 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ అని ఒకటి పెట్టి ఆటకు నియమాలు రాసుకున్నారు. అక్కడి కాలేజీ కుర్రాళ్ళు ఆ ‘అసోసియేషన్’ను చెక్కి చెక్కి ‘సాకర్’ చేశారు. రెండూ ఒకటే ఆట. కంగారుపడకండి.

పక్షానికి 11 మంది. ఆట 45 నిమిషాల చొప్పున రెండు భాగాలు. గోల్‌కీపర్‌ను ముద్దుగా గోలీ అంటారు. మన గోలీలాటతో చుట్టరికం ఏమీ లేదు. తన గోలు ముందున్న పెద్ద గడిలో బంతిని చేత్తో పట్టే హక్కు ఆయనకే ఉంది. ఆయన ముందు కావలి కాసేవాళ్ళు డిఫెండర్లు, నడిమివాళ్ళు మిడ్‌ఫీల్డర్లు, గోలు కొట్టడానికి ముందుకు పోయేవాళ్ళు ఫార్వర్డులు. మైదానం అంచుల వెంబడి పరుగెత్తేవాడు వింగర్. గద్వాల చీర ఎరిగినవాళ్ళకు అంచు విలువ నేను చెప్పాలా? నడుమంతా నూలైనా, పేరు తెచ్చేది పట్టు అంచే కదా!

పాస్ అంటే మగ్గం మీది నాడె. అటునుంచి ఇటు పోయే నాడెలాగే బంతి ఒక కాలినుంచి ఇంకో కాలికి పోతూ ఉండాలి. డ్రిబ్లింగ్ అంటే బంతిని కాలి దగ్గరే పెట్టుకుని మనుషుల్ని తప్పించుకుంటూ పోవడం. వనపర్తి సంతరోజున సైకిలు తొక్కినవాడికి ఆ విద్య సగం వచ్చినట్టే. టాకిల్ అంటే ఎదుటివాడి కాలి దగ్గర్నుంచి బంతిని లాక్కోవడం. బంతిని తాకితే విద్య, మనిషిని కూలదోస్తే ఫౌల్.

తొక్కుడుబిళ్లలో గీతమీద కాలు పడితే ఔట్. ఇక్కడ అలా కాదు. గీత కూడా మైదానంలో భాగమే. బంతి మొత్తం గీత దాటితేనే బయటికి పోయినట్టు. గోలుకూ అదే లెక్క. పక్కగీత దాటితే త్రో-ఇన్. రెండు పాదాలూ నేలమీద ఉంచి, రెండు చేతులతో, తల వెనకనుంచి పైగా విసరాలి. గోలు పక్కల గీత దాటితే ఎవరి వల్ల పోయిందో చూస్తారు. కొట్టవచ్చినవాళ్ళ వల్ల పోతే గోల్ కిక్, కావలివాళ్ళ వల్ల పోతే మూలనుంచి తన్నే కార్నర్.

ఫౌల్ చేస్తే ఎదుటివాళ్ళకు ఫ్రీ కిక్. అడ్డంగా గోడకట్టి నిలబడేవాళ్ళు పది గజాలు దూరం జరగాలి. అదే పెద్ద తప్పు తన గోలు ముందరి గడిలో చేస్తే పెనాల్టీ. 11 మీటర్ల దూరంనుంచి ఒక్కడు తంతాడు, గోలీ ఒక్కడే ఆపాలి. ఎంత సులువో అనుకునేరు! 1948లో లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఎక్కువమంది ఉత్తికాళ్ళతో ఆడి ఫ్రాన్సును హడలగొట్టారు గాని, దక్కిన రెండు పెనాల్టీలూ జారవిడిచి 2–1తో ఓడిపోయారు.

పసుపు కార్డు హెచ్చరిక. ఎర్ర కార్డు చూపిస్తే మైదానం వదిలి వెళ్ళాల్సిందే, మిగతావాళ్ళు ఒకడు తక్కువగా ఆడాలి. కెన్ ఆస్టన్ అనే ఇంగ్లీషు రిఫరీకి ట్రాఫిక్ దీపాలు చూస్తే తట్టిన ఉపాయమిది. 1970 ప్రపంచ కప్పులో అమల్లోకి వచ్చింది. ఒకే ఆటలో ఒకడే మూడు గోల్స్ కొడితే హ్యాట్రిక్. తన గోల్లో తనే కొట్టుకుంటే సెల్ఫ్ గోల్. మనం ‘చేజేతులా’ అంటామే, అదే. కాకపోతే కాలితో. దెబ్బలు తగిలి ఆగిన టైమును చివర కలిపితే ఇంజురీ టైమ్.

ఇక ఆఫ్‌సైడ్. బస్సు ఇంకా ఆగనేలేదు, ఒకాయన పరుగెత్తి కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసేస్తాడు. ఎవర్నీ తన్నలేదు, ముట్టుకోలేదు. అయినా మనకు ఒళ్ళు మండదూ? అలాగే గోలు దగ్గర ముందే తువ్వాలు వేసుకు కూర్చోకూడదన్నమాట! తోటివాడు బంతి తన్నిన క్షణంలో, ఎదుటివాళ్ళ సగంలో, బంతికంటే ముందున్న ఆటగాడికీ గోలు గీతకూ మధ్య కనీసం ఇద్దరు ఎదుటిపక్షంవాళ్ళుండాలి. వాళ్ళలో ఒకడు సాధారణంగా గోలీయే. రెండోవాడితో సమానంగా ఉన్నా తప్పు లేదు. లేకపోతే అది ఆఫ్‌సైడ్ స్థానం. ఊరికే నిలబడితే నేరం కాదు, అక్కణ్ణుంచి ఆటలో చెయ్యి, కాదు కాలు, పెడితేనే నేరం. త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్‌లనుంచి నేరుగా వచ్చే బంతికి ఈ పట్టింపు లేదు. ఈ నియమమే లేకపోతే ఇరుపక్షాలూ గోలు దగ్గర ఒకణ్ణి పాతేసి, నెత్తిమీదుగా బంతి విసురుకుంటూ కూర్చునేవి. నాడె ఆడేదెప్పుడు?

మాట వెనక కారణం చెబితే మాట చిన్నదైపోతుంది. ఆ చెప్పడం చేతనైన బడిపంతులే మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది. ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టింది అక్కడే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టుకూ ఆయనే గురువు. సికింద్రాబాదు కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడే రహీం కన్నుమూశారు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు పెద్దలు. ఆట తెలిసినవాళ్ళు తమలో తామే వడ్డించుకుని, తెలియనివాణ్ణి చూసి నవ్వితే అది బంతిలో వలపక్షమే. రేపు మీ వీధిలో బంతి తన్నే పిల్లల్లో ఎవడైనా, ఎవతైనా ‘అంటే ఏంది?’ అని అడిగితే నవ్వకండి. కడబంతిదాకా వడ్డించండి.