సర్కారు నౌకరీ అనుకున్నాం

మా వైపు ఒకప్పుడు పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు మగపిల్లలు రెండే రకాలు. సర్కారు నౌకరీ ఉన్నవాడు, లేనివాడు. ఆర్టీసీ డ్రైవరు ఏ సందేహమూ లేకుండా మొదటి వరసలో కూర్చునేవాడు. ఖాకీ బట్టలున్నాయి, నెలనెలా జీతముంది, తీసేస్తారన్న భయం లేదు. ఇంకేం కావాలండీ? మా చిన్నమ్మను మా చిన్నాయనకు ఆ లెక్కనే ఇచ్చారు.

చిన్నాయన 1979లో ఆర్టీసీలో చేరాడు. సర్వీసులో ఎక్కువ కాలం షాద్‌నగర్, హైదరాబాదుల మధ్యే తిరిగాడు. ఆయన బస్సెక్కితే మా పిల్లకాయలం ఇంజను పక్కన కూర్చుని, ఆయన గేరు మార్చినప్పుడల్లా గర్వంతో ఊళ్ళోవాళ్ళ వంక చూసేవాళ్ళం. అప్పట్లో నా దృష్టిలో కలెక్టరు కూడా ఆయన తర్వాతే. కలెక్టరుకు హారను లేదు కదా!

మొన్న నవంబరులో షాద్‌నగర్ వెళ్ళాను. ఏటా తాను బతికే ఉన్నట్టు రుజువు చూపిస్తే తప్ప పింఛను రాదు గనుక, చిన్నాయన నన్ను వెంటబెట్టుకుని మీ సేవకు బయల్దేరాడు. అక్కడ కుర్రవాడు ఆయన బొటనవేలును మిషను మీద ఎన్నిసార్లు ఒత్తించినా ముద్ర పడలేదు. ముప్పై మూడేళ్ళ స్టీరింగు ఆ గీతల్ని మింగేసింది. చివరికి ఎలాగో ఒక వేలు ఒప్పుకుంది.

"ఇగ ఒక ఏడాది దాక బతికున్నట్టే బిడ్డా," అని నవ్వాడు.

ఆ పనిలో ఉండగానే ఆయన బ్యాంకు పుస్తకం నా చేతికి వచ్చింది. జీవితమంతా లెక్కల గుమాస్తాగా బతికినవాణ్ణి, అంకెలు కనబడితే చదవకుండా ఉండలేను. నెలనెలా జమ అవుతున్న పింఛను రెండు వేల చిల్లర! ఒక సున్నా ఎక్కడో జారిపోయిందేమోనని మళ్ళీ చూశాను. సున్నాలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

చిన్నాయన ఇంటి పక్కనే ఒక రిటైరైన సర్కారు బడి సారున్నారు. ఇద్దరూ 2012లోనే రిటైరయ్యారు. ఇద్దరి ఇళ్ళకూ గోడ ఒకటే. ఆ సారుకు ఆఖరి జీతంలో సగం లెక్కన పింఛను కట్టారు. దాని మీద ధరలతోపాటు పెరిగే కరువు భత్యం ఉంది. మా చిన్నాయనకు లేనిదేమిటంటే, "సర్కారు" అన్న మాట.

ఈ మాట వెనక పెద్ద కథే ఉంది. ఈ బస్సులు 1932లో నిజాం రైల్వేవారి కింద 27 బండ్లతో మొదలయ్యాయి. తరువాత కొన్నాళ్ళు హైదరాబాదు ప్రభుత్వంలో ఒక శాఖగా నడిచాయి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. శాఖ కాస్తా సంస్థ అయింది. బస్సు రంగు చూసి మనం సర్కారు అనుకున్నాం. ముసలితనం మాత్రం సంస్థ లెక్కలో పడి, భవిష్య నిధివారి పింఛనులోకి పోయింది.

ఆ పింఛను పథకం 1995 నవంబరు 16న వచ్చింది. లెక్క చాలా సులువు. పింఛనుకు లెక్కగట్టే జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి, డెబ్భైతో భాగించాలి. మెలిక ఆ జీతంలో ఉంది. 2001 నుంచి 2014 ఆగస్టు దాకా ఆ జీతానికి పరిమితి 6,500 రూపాయలు. మనిషి ఇంటికి ఎంత తెచ్చుకున్నా, మామూలుగా పింఛను కాగితం మీద మాత్రం అంతే. మా చిన్నాయనకు 1995 నుంచి లెక్కపెడితే పదిహేడేళ్ళు. 6,500ను పదిహేడుతో గుణించి డెబ్భైతో భాగించండి. పదహారు వందలు కూడా పూర్తిగా రావు. అంతకు ముందరి సర్వీసుకు ఇచ్చే కాస్త కలిపితే రెండు వేల చిల్లర. పరిమితిని 2014 సెప్టెంబరులో 15,000 చేశారు. అప్పటికే ఆయన దిగిపోయి రెండేళ్ళయింది. పైగా ఈ పింఛనుకు కరువు భత్యం లేదు. ధరలు ఎక్స్‌ప్రెస్‌లో పోతుంటే, పింఛను మాత్రం దిగిన స్టేజీలోనే నిలబడిపోయింది.

"మరి రిటైరైనప్పుడు వచ్చిన పి.ఎఫ్., గ్రాట్యుటీ ఏమయ్యాయి?" అని మీరడుగుతారు. నేనూ అడిగాను. మీ సేవ నుంచి తిరిగొస్తూ దారిలో చాయ్ తాగుతూ అడిగాను.

చిన్నాయన వేళ్ళు మడిచాడు. పెద్దబిడ్డ పెళ్ళికి పి.ఎఫ్. నుంచి కొంత ముందే తీశాడట. ఇల్లు కట్టినప్పుడు ఇంకొంత. మిగిలినదానితో చిన్నబిడ్డ పెళ్ళి, పాత అప్పులు. సొసైటీ లోను జీతంలోంచి కోత పడుతుండగానే తీరిందట.

"సొసైటీ లోను దేనికి చిన్నాయనా?"

ఆయన చాయ్ గ్లాసులోకి చూశాడు. "ఎందుకైతేంది బిడ్డా, పాత ముచ్చట."

ఇంటికొచ్చాక చిన్నమ్మ చెప్పింది. 1985లో నన్ను హైదరాబాదులో బి.కాం.లో చేర్చేటప్పుడు మా నాయన చేతిలో పైసా లేదు. ఆ ఏడు మాకు పంట పోయింది. ఫీజు, హాస్టలు ఖర్చు చిన్నాయన ఇచ్చాడని నాకు తెలుసు. జీతంలోంచి ఇచ్చాడనుకున్నాను. సర్కారు నౌకరీ కదా, ఉంటుందిలే అనుకున్నాను. అది సొసైటీ అప్పు అని నలభై ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ డబ్బుతో నేను కూడికలు, తీసివేతలు నేర్చుకున్నాను. ఈ ఒక్క తీసివేత మాత్రం నాకు కనబడలేదు.

నేనొక్కణ్ణే కాదు. పెళ్ళికి పిలిచినవాళ్ళు, జామీను సంతకం అడిగినవాళ్ళు, చేబదులు పుచ్చుకున్నవాళ్ళు అందరమూ ఆయన్ను సర్కారు మనిషి కిందే జమకట్టుకున్నాం. ఇంట్లో నలుగురిలో ఒక్కడికి నెల జీతముంటే, ఆ జీతం మీదికి ఎన్ని చేతులు వస్తాయో మీకు తెలియనిది కాదు. ఆయన పింఛను తక్కువని పథకాన్ని అనుకుంటాం సరే, ఆయన పొదుపును ముందే తిన్నది మాత్రం మేమే.

ఇంకో ముక్క చెప్పాలి. పెద్దబిడ్డ పెళ్ళికి పి.ఎఫ్. చాలక, 2003లో కొత్తూరు వైపు ఉన్న చిన్న జాగా అమ్మేశాడు. 2008 మార్చిలో శంషాబాదులో విమానాశ్రయం తెరుచుకుంది. ఆ దారి పొడుగునా భూముల ధరలు విమానాలకన్నా ముందే లేచాయి. అప్పుడు కూడా చిన్నాయన ఆ జాగా పక్కనుంచే రోజూ బస్సు నడిపాడు. "దిక్కు చూడలేదా?" అంటే, "నడిపేటోడు రోడ్డు చూడాలె గాని జాగలు చూస్తే ఎట్ల?" అన్నాడు.

రిటైరయ్యాక ఊరుకున్నాడా? ఒక బడి బస్సు నడిపాడు. కళ్ళు మసకబారాయి, ఏళ్ళ తరబడి క్లచ్చి తొక్కిన ఎడమ మోకాలు మొండికేసింది. ఇప్పుడు హైవే పక్కన ఒక వెంచరులో రాత్రి వాచ్‌మన్. నైట్ అవుట్ డ్యూటీలు చేసినవాణ్ణి, నాకు రాత్రి మేలుకోవడం కొత్తా అంటాడు.

2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె యాభై రోజులు దాటింది. ప్రభుత్వంలో కలపాలన్నదే అందులో మొదటి కోరిక. ఆంధ్రలో 2020 జనవరి 1 నుంచి కార్మికుల్ని ప్రభుత్వంలో కలుపుకున్నారు. తెలంగాణలో 2023 ఆగస్టులో శాసనసభ బిల్లు ఆమోదించింది. ఆ రాత్రి చిన్నాయన కూడా టీవీ ముందు కూర్చున్నాడట. ఆ బిల్లు నౌకరీలో ఉన్నవాళ్ళది. తమిళనాడులో 1998 నుంచే రవాణా కార్మికులకు విడిగా పింఛను నిధి ఉందని చెప్తే, "మంచిదే, వాండ్లయినా కూసోని తింటరు," అన్నాడు.

మా ఊరి పేరులోని షాద్, హైదరాబాదు ప్రధానమంత్రిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ కవిగా పెట్టుకున్న పేరు. షాద్ అంటే సంతోషం. ఆ ఊళ్ళో ఖాకీ విప్పిన ముసలివాళ్ళు బస్టాండు దగ్గర చేరి, ఏ బస్సు ఎన్ని నిమిషాలు లేటో ఇప్పటికీ లెక్కపెడుతుంటారు. తమ లెక్క మాత్రం ఎవరూ ఎత్తరు.

బయల్దేరేముందు, నెలకింత పంపుతానని చిన్నాయనతో అన్నాను. ఆయన ముఖం ముడుచుకుంది.

"ఎందుకు బిడ్డా? నేనేమన్న అడిగిన్నా?"

"సొసైటీ లోను చిన్నాయనా. వాయిదాలు కడుతున్నాను."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్నమ్మ వైపు గుర్రుగా చూసి, నన్ను బస్టాండు దాకా దిగబెట్టడానికి చెప్పులు తొడుక్కున్నాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికొచ్చి, "వడ్డీ వద్దులే," అన్నాడు.