సూది మార్చు వేళ

మచిలీపట్టణమున బడిపంతులు పని చేయుచు, సంస్కృతము కొంత, ఇంగ్లీషు కొంత చదివితిమను గర్వము గల మాకు, కుట్టుమిషను సూదిని గూర్చి యొక్క ముక్కయు తెలియదని మొన్న మొన్ననే బోధపడినది. బోధపడిన తీరు చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నది. అయినను ఇంట మిషనున్న చదువరులకు పనికివచ్చునని చెప్పుచున్నాము.

మా చెల్లెలు దివిసీమయందు అవనిగడ్డలో నుండును. భర్త పోయిన పిమ్మట ఇద్దరు బిడ్డలను కుట్టుపనితోనే పెంచుకొనుచున్నది. బడిపిల్లల దుస్తులు, లంగాలు, రవికలు, ఏవి వచ్చినను కాదనదు. సంపాదన ఆమెదే గాని పద్దుపుస్తకము మాత్రము మాచేత నుండెడిది. ఒంటరి ఆడుది గదా, డబ్బు సంగతి మగవాడు చూచుట మేలని మా తలంపు.

గడచిన శ్రావణమాసమునకు ముందొకనాడు ఆమె, "అన్నయ్యా, సూది టకటకమంటోంది. పదకొండో నంబరు సూదులు ఒక ప్యాకెట్టు కొనుక్కోనా?" అని యడిగెను.

"ఉన్నది విరిగినదా?" యంటిమి.

"విరగలేదు."

"విరిగినప్పుడు చూతములే" యంటిమి. పొదుపు నేర్పితిమని లోలోన సంతోషించితిమి కూడ.

పదినాళ్లు తిరుగకుండ ఒక పెండ్లివారి పట్టురవిక చెడినది. నడుమ నడుమ కుట్టు తప్పినది. సూది దిగిన చోటనెల్ల పట్టుపోగులు లాగుకొని వచ్చినవి. గుడ్డ ఖరీదు ఆమెయే యిచ్చుకొనవలసి వచ్చెను. మేము వెళ్లి, ఓదార్చుటకు మారుగా, "నీకు తొందర యెక్కువ, శ్రద్ధ తక్కువ" యని మందలించితిమి. ఆమె బదులు పలుకలేదు. పిదప మిషనే పాతబడినదని నిశ్చయించి, దాని తలను విప్పించి, చెల్లెలిని వెంటబెట్టుకొని చల్లపల్లి, పామర్రుల మీదుగా బస్సులో గుడివాడకు గొనిపోయితిమి. మిషనులు బాగుచేయు వృద్ధు డొకడచ్చట గలడని వినియుంటిమి.

అతడు మిషను జోలికే పోలేదు. సూదిని ఊడదీసి, దాని చదును ప్రక్కను అద్దపు ముక్కపై నానించి, వెలుతురున కెత్తి మాకు చూపెను. సూదికిని అద్దమునకును నడుమనున్న సందు కొసదాక ఒక్కతీరున నుండవలెనట. ఇచ్చట మొనకడ హెచ్చుతగ్గుగా నుండెను. మొనను గోటిపై మెల్లగా లాగగా గీత పడెను. "మాస్టారూ, మిషనుకు రోగం లేదు. సూది మార్చి ఎన్నాళ్లయింది?" అని యడిగెను. మా చెల్లెలు మావంక చూడలేదు. మాకదియే చాలినది.

అతడు చెప్పగా విన్నదియు, పిదప మేము చదివి తెలిసికొన్నదియు నిది. చేతిసూదికి బెజ్జము తలకడ నుండును. మిషనుసూదికి మొనకడ నుండును. అమెరికాలో 1846న ఎలియాస్ హౌ పేటెంటు పొందిన యంత్రమునందును అట్లే యుండెను. సూది గుడ్డలో దిగి మరల కొంచెము లేచునపుడు దారము చిన్న యుచ్చువలె నుబ్బును. క్రిందనున్న కొక్కెము దానిని పట్టి, క్రింది దారముతో పెనవేయును. సూది వెండ్రుకవాసి వంగినను కొక్కెమున కుచ్చు దొరకదు, కుట్టు తప్పును. మొన మొద్దుబారినచో పోగుల నడుమ దూరక వానిని పొడుచును. టకటక ధ్వని అందువలననే. బెజ్జము గరుకెక్కినచో దారము పీచు లేచి తెగును. ఈ గురుతులన్నియు సూది విరుగక మునుపే కనబడునవి. ఎనిమిది గంటల కుట్టునకొక సూది మార్చుట మంచిదని సాధారణముగా చెప్పుదురు. ఉప్పుగాలి తగులు మా సీమలో ఊరక యున్న సూదియు త్రుప్పుపట్టును.

నంబరును చూచుకొనవలెను. 11వ నంబరు సూదిపై 75 అనియు, 14వ దానిపై 90 అనియు నుండును. అనగా సూదికాడ మందము మిల్లీమీటరులో నూట 75 వంతులు, 90 వంతులు. పట్టునకును పలుచని గుడ్డకును 11, పెడన కలంకారీ నూలుగుడ్డ వంటివానికి 14, జీన్సు వంటి మందపు గుడ్డకు 16 తగును. పాతదానిని తీయునపుడు చదును ప్రక్క ఏ దిక్కున నున్నదో చూచి, క్రొత్తదానిని అట్లే యమర్చి, పైకంట నెట్టి మరను బిగింపవలెను.

ఇందు సగము మా చెల్లెలు ఏ పుస్తకమును చదువకయే యెరుగును. సూది మార్చు వేళ ఆమె చెవికి తెలిసినది. ఆ చెవి లేని మాచేతిలో సెలవిచ్చు నధికార ముండెను. కొలది రూపాయల సూది మిగిల్చి, పట్టురవికను పోగొట్టి, పైగా పనిచేయు చేతిని నిందించితిమి. కుట్టువాని కత్తెరను మరియొకడు దాచిపెట్టి, గుడ్డ వంకరగా తెగినదని తిట్టినచో నవ్వమా? మన యిండ్లలో ఆడువారి పనియెడ మనము చేయుచున్నది తరచుగా నిదియే.

పట్టు ఖరీదు మేమిచ్చుట న్యాయము గనుక ఇచ్చితిమి. తిరిగి వచ్చునపుడు బస్సులో పద్దుపుస్తకమును ఆమె చేత బెట్టితిమి. ఎందుకని యడుగలేదు; తీసి సంచిలో వేసికొనెను. నెల గడచిన పిదప అవనిగడ్డకు పోయినపుడు ఆమెయే దానిని తెచ్చి చూపెను. ఆమె వ్రాతతో మొదటి పద్దు: సూదులు, ఒక ప్యాకెట్టు.