మొరాయించిన రైఫిల్

1982 ఆసియా క్రీడల కోసం తుగ్లకాబాద్‌లో నిర్మించిన డాక్టర్ కర్ణీసింగ్ షూటింగ్ రేంజి సాకేత్‌లోని మా నివాసానికి ఎంతో దూరం కాదు. అక్కడ అభ్యాసం చేసే మిత్రుని .22 బోల్టు రైఫిల్ ఒకనాడు మొరాయించింది. తూటా సాఫీగా లోనికి పోదు. పేలిన గుల్ల బయటికి రాదు. గుల్లను లాగే కొక్కేన్ని ఆకురాయితో అరగదీయాలని ఆయన తొందర. అరిగిన లోహం తిరిగి రాదని వారించాము.

ఈ రకం తూటాలో నిప్పు రాజేసే మందు అడుగు అంచులోనే ఉంటుంది. కనుక ఇరుక్కున్న తూటాను బోల్టుతో బలవంతంగా నెట్టడం ప్రమాదకరం. సీసపు గుండుకు పూసిన మైనం, మసి కలిసి ఛాంబరులోనూ, కొక్కెం కిందా గట్టిపడతాయి. గుల్ల రాకుంటే మొదట అక్కడ వెదకాలి. తూటా పోకుంటే మ్యాగజైన్ అంచులనూ, స్ప్రింగునూ చూడాలి. పై తూటా అంచు కింది దాని అంచుకు వెనుక చిక్కినా ఇదే తంటా.

తుపాకి ఖాళీ అని నిర్ధారించుకుని మిత్రుడు ఛాంబరునూ, కొక్కేన్నీ శుభ్రపరిచారు. గుల్లలు రాసాగాయి, తూటా మాత్రం తడబడుతూనే ఉంది. పిదప మ్యాగజైన్ మార్చగా అదీ తీరింది. రెండు పనులూ ఒకేసారి చేసి ఉంటే ఏ దోషం ఎక్కడిదో తెలిసేది కాదు.

ముందు శుభ్రపరచడం, పిదప పరీక్షించడం, ఒకసారికి ఒక్కటే మార్చడం: కర్మాగారంలోనైనా, ఇంటనైనా ఈ క్రమం కాలాన్నీ, ధనాన్నీ, ఒక్కొక్కప్పుడు ప్రాణాన్నీ కాపాడుతుంది.