నీళ్లు తాపే జాగాలు

మా అమ్మ పెళ్లయిన కొత్తలో న్యాల్‌కల్ నుంచి ఝరాసంగం జాతరకు ఎడ్లబండి కట్టుకొని పోయేవాళ్లట. శివరాత్రికి కేతకీ సంగమేశ్వరుడి దగ్గర జాగారం, మర్నాడు తిరుగు బండి. ఆ ప్రయాణం గురించి ఎప్పుడు చెప్పినా ఆమె నోట దేవుడికంటే ముందు బావులు వస్తాయి. ఎడ్లను ఎక్కడ విప్పారు, ఏ బావి దగ్గర తొట్టి నిండుగా ఉండేది, ఎవరి చేను గట్టున కూర్చొని జొన్నరొట్టె మూట విప్పారు, అన్నీ వరసగా చెబుతుంది. "ఎడ్లకు దూపైతే బండి నడువదు బిడ్డా. నీళ్లు తాపే జాగాలు జూసుకోనే తొవ్వ పట్టేది" అంటుంది.

2025 జూన్‌లో నార్వేలో అద్దెకు తీసుకున్న ఎలక్ట్రిక్ కారు పక్కన నిలబడి, తెర మీద 23 శాతం అన్న అంకె చూస్తున్నప్పుడు ఆ మాట నాకు మొదటిసారి పూర్తిగా అర్థమైంది.

నార్వేకే ఎందుకు పోయామంటే, అమ్మాయి ఫ్యోర్డులు చూడాలంది. కొండల నడుమకు కిలోమీటర్ల కొద్దీ చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలవి. నా కారణం వేరు. నేను జహీరాబాద్ వైపు మనిషిని. 1980లలో ఆల్విన్ నిస్సాన్ లారీలు తయారైన మా ఊరి కర్మాగారం ఆ తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది. ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లతో పాటు కరెంటుతో నడిచే మూడు చక్రాల బళ్లు కూడా తయారవుతున్నాయి. 2024లో నార్వేలో అమ్ముడైన కొత్త కార్లలో 88.9 శాతం పూర్తిగా కరెంటువే. మా దగ్గర ఇప్పుడే మొదలైన పని అక్కడ దాదాపు పూర్తయింది. అలాంటి దేశంలో మామూలు మనుషులు బండిని ఎలా నడుపుకుంటున్నారో నా కళ్లతో చూడాలనుకున్నాను. అమ్మ, నేను, నా భార్య, అమ్మాయి, నలుగురం బయల్దేరాం. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ నేనూ అమ్మాయీ ఇద్దరం తీసుకున్నాం. అమ్మ సంచిలో జొన్నరొట్టెలు, పల్లీల పొడి ఉన్నాయి.

ఓస్లో విమానాశ్రయంలో బండి అప్పగించిన కుర్రాడు తాళం కార్డు చేతిలో పెట్టి, సంతకం చేయించుకొని, ఇంకొకరి పనిలో పడిపోయాడు. బ్యాటరీ 58 శాతమే ఉందని మేం కూర్చున్నాకే తెలిసింది. ఛార్జింగ్ ఎక్కడ, డబ్బు ఎలా కట్టాలి, ప్లగ్గు ఎలా ఊడదీయాలి, ఒక్క మాటా చెప్పలేదు. పెట్రోలు బండి అయితే చెప్పకపోయినా నడిచిపోతుంది. దీనికి చెప్పి తీరాలి. కుటుంబంతో, ముసలివాళ్లతో పోయేవాళ్లు కౌంటరు దగ్గరే పది నిమిషాలు పట్టుబట్టి నిలబడి అడగండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

బ్యాటరీ లెక్క నిజానికి సులభం. మాకిచ్చిన కారుది 75 యూనిట్ల బ్యాటరీ. ఇంటి మీటరులో తిరిగే యూనిట్లే అవి. వంద కిలోమీటర్లకు 17 యూనిట్ల దాకా ఖర్చయింది. అంటే నిండుగా నింపితే నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పోతుంది. కానీ ఎనభై శాతం దాటాక ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది, పది శాతం కిందికి దించుకుంటే గుండె దడ. అందుకే మధ్యలోని డెబ్బై శాతమే మన చేతిలో ఉన్నదనుకోవాలి. ఆ దేశంలో రెండు వరసల రోడ్ల మీద వేగం చాలావరకు గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. అది కూడా మాకు కలిసొచ్చింది. ఈ బళ్ల బ్యాటరీని తినేది దూరం కంటే ఎక్కువగా వేగమే.

మొదటి ఛార్జింగ్ హోనెఫోస్ ఊళ్లో. అక్కడి యంత్రం మా కార్డు తీసుకోలేదు. ఫోన్లో ఏదో యాప్ దింపుకోమంది, ఆ యాప్ మా ఫోన్ నంబరును ఒప్పుకోలేదు. పావుగంట తంటాలు పడ్డాం. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె తన కారు దిగి వచ్చి, దుకాణం వెనక ఇంకో వరస యంత్రాలున్నాయి, అక్కడ బ్యాంకు కార్డు ఆనిస్తే చాలని చూపించి పోయింది. ఆ తర్వాత వారమంతా అలాంటి యంత్రాలనే వెతుక్కున్నాం. అరగంటలో బండి నిండింది. తీరా చూస్తే ప్లగ్గు రాదు. నేను లాగుతున్నాను, అమ్మాయి లాగుతోంది. కారు తాళం తీస్తేనే ప్లగ్గు తాళమూ వదులుతుందని ఎవరూ చెప్పందే ఎలా తెలుస్తుంది? ఆ ప్లగ్గు మాత్రం మన దేశంలో ఫాస్ట్ ఛార్జింగ్‌కు వాడే రకమే, సీసీఎస్2. దాన్ని చూసి కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ అరగంటలో అమ్మ గడ్డి మీద తువ్వాల పరిచి రొట్టెలు తీసింది. మా ఆవిడ "అత్తమ్మా, ఇక్కడ కూసోవచ్చో లేదో" అంటే, "బండి మేస్తుంటే మనం తినకుంటెట్ల?" అంది. ఆ రోజు నుంచి ఛార్జింగ్‌కు మా ఇంట్లో పేరు మేత.

గోల్ మీదుగా యైలో చేరి రాత్రి ఉన్నాం. రాత్రి అనడం అలవాటు కొద్దీ. పది దాటినా బయట వెలుతురే. అమ్మ దీపం పెట్టే వేళ కోసం కిటికీ దగ్గర చాలాసేపు కూర్చుంది. చివరికి ఫోన్లో మన ఊరి టైము చూపించమని, దాని లెక్కన దండం పెట్టుకుంది.

మర్నాటి దారి హార్డాంగర్‌విడ్డా పీఠభూమి మీదుగా. చెట్టు లేదు, చేను లేదు. రాళ్లు, నాచు, గుంటల్లో నీలం నీళ్లు, జూన్‌లోనూ కరగని మంచు. దారిలో ఎత్తయిన చోటు సముద్రమట్టానికి దాదాపు 1,250 మీటర్లు. అమ్మ మంచును అరచేతిలో పట్టుకొని కరిగేదాకా చూసింది. ఎత్తు ఎక్కుతున్నంతసేపు బ్యాటరీ మామూలు కంటే తొందరగా దిగుతుంటే నాకు మనసు మనసులో లేదు. వోరింగ్స్‌ఫోస్సెన్ జలపాతం దగ్గర ఆగాం. మొత్తం 182 మీటర్ల ఎత్తు నుంచి లోయలోకి పడుతుంది. దాని మీదుగా 2020లో కట్టిన మెట్ల వంతెన ఉంది. అమ్మ సగం దాకా వచ్చి రెయిలింగు పట్టుకొని నిలబడింది.

అక్కడి నుంచి రోడ్డు మోబోదాలెన్ లోయలోకి సొరంగాల్లో మెలికలు తిరుగుతూ దిగుతుంది. నేను కాలు తీసేశాను. బ్రేకు మీద కూడా పెట్టలేదు. కారు తనంతట తానే పట్టి పట్టి దిగుతోంది. అప్పుడు వెనక నుంచి అమ్మాయి అరిచింది, "నాన్నా, అంకె చూడు!" లోయ అడుగుకు వచ్చేసరికి ఛార్జి రెండు శాతం పెరిగింది.

అమ్మకు నమ్మకం కుదరలేదు. సైకిలు డైనమో సంగతి గుర్తుచేశాను. చక్రానికి రాసుకుంటే లైటు వెలుగుతుంది, తొక్కడం కొంచెం బరువవుతుంది. ఇక్కడా అంతే. ఎక్కేటప్పుడు చక్రాన్ని తిప్పిన మోటారే దిగేటప్పుడు చక్రంతో తిరిగి కరెంటు పుట్టిస్తుంది, ఆ బరువే బ్రేకు పని చేస్తుంది. ఎక్కేటప్పుడు పెట్టిన ఖర్చులో కొంత కొండే తిరిగి ఇస్తుంది. నాయిన నాగలి దున్నిన కాలం నుంచి చూసిన అమ్మ ఒకటే అంది, "దిగేటప్పుడు ఎడ్లకు బలం రావడం ఎన్నడూ జూడలే."

లోయ అడుగున ఐడ్‌ఫ్యోర్డ్ ఊరు. దాని పక్కనే కొండ కడుపులో సీమా జల విద్యుత్ కేంద్రం ఉంది. సామర్థ్యం 1,120 మెగావాట్లు. పైన మేం దాటి వచ్చిన పీఠభూమి వైపు నీళ్లనే పోగుచేసి సొరంగాల్లో కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. నార్వే కరెంటులో దాదాపు తొంభై శాతం ఇలా నీళ్లదే. ఆ ఊళ్లో బండికి మేత పెట్టినప్పుడు, కొండ మీద అమ్మ అరచేతిలో కరిగిన మంచే తీగలోంచి వస్తోందనిపించింది. మా మంజీర మీద సింగూరు దగ్గర ఉన్నది 15 మెగావాట్ల కేంద్రం. మన రాష్ట్రంలో ఇంటికొచ్చే కరెంటులో పెద్ద వాటా సింగరేణి లాంటి గనుల బొగ్గుదే. కాబట్టి అక్కడి కారు ఎంత శుభ్రమో ఇక్కడి కారు కూడా అంతే శుభ్రమని నేను చెప్పను. అయినా మార్కెట్ రోడ్డు మీద పిల్లల ముఖాల మీదికి వచ్చే పొగ తప్పుతుంది. మా ఎర్రనేలల మీద ఎండ ఎలాగూ ఏడాది పొడుగునా ఉంది.

ఖర్చు సంగతీ చెప్పాలి. రోడ్డు పక్క ఫాస్ట్ ఛార్జింగ్‌కు మేం కట్టింది యూనిట్‌కు ఐదారు క్రోనర్లు, మన లెక్కలో నలభై, యాభై రూపాయల మధ్య. చవక కాదు. బస చేసిన చోట రాత్రంతా నెమ్మదిగా నింపుకున్న రోజుల్లో మాత్రం తేలిగ్గా పోయింది. గది బుక్ చేసుకునేటప్పుడు మంచాల సంఖ్యతో పాటు ఛార్జింగ్ ఉందా అని కూడా అడగండి. టోల్ గేట్లు కనపడవు. కెమెరాలు నంబరు ప్లేటు చదువుకుంటాయి, బిల్లు తర్వాత వస్తుంది.

ఆ టోళ్లకు ఒక కథ ఉంది. 1989లో ఆ-హా అనే పాటల బృందంలోని మోర్టెన్ హార్కెట్, మాగ్నె ఫురుహోల్మెన్, పర్యావరణ కార్యకర్త ఫ్రెడరిక్ హౌగె కలిసి కరెంటుకు మార్చిన ఒక చిన్న ఫియట్ పాండాను నార్వేకు తెచ్చారు. పొగ రాని బండికి పన్నెందుకని టోలు కట్టకుండా పదే పదే నడిపారు. ప్రభుత్వం బండిని పట్టుకొని వేలం వేసేది, మళ్లీ వాళ్లే కొనుక్కునేవాళ్లు. 1990ల్లో దిగుమతి పన్ను పోయింది, అప్పట్లో టోలూ పోయింది; ఇప్పుడు టోలు కొంత తిరిగి వచ్చింది. 2001లో వ్యాట్ కూడా తీసేశారు. సముద్రం కింది చమురు అమ్ముకొని సంపన్నమైన దేశం ఆ డబ్బు అండతోనే ఇంత చేయగలిగిందన్నది కూడా మరిచిపోకూడదు. కానీ డబ్బు ఒక్కటే కాదు, ముప్పై ఏళ్లకు పైగా ఒకే మాట మీద నిలబడ్డారు.

హార్డాంగర్ వంతెన, బెర్గెన్ వాన, చెక్క ఇళ్ల రేవు, వీటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పాల్సింది బెర్గెన్‌కు ఉత్తరాన, సోగ్నెఫ్యోర్డ్ ఒడ్డున ఉన్న ఓపెడాల్ రేవు గురించి.

కార్లను ఎక్కించుకొని అవతలి లావిక్ ఒడ్డుకు ఇరవై నిమిషాల్లో చేర్చే పడవలు అక్కడ తిరుగుతాయి. ప్రపంచంలో పూర్తిగా బ్యాటరీతో నడిచే మొదటి కార్ల పడవ, పేరు ఆంపేర్, 2015లో మొదలైంది ఈ రేవులోనే. అది ఒడ్డున ఆగేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో అంత పెద్ద పడవకు ఛార్జి ఎక్కాలి. రెండు ఒడ్డులా ఉన్నవి చిన్న ఊళ్లు, వాటి కరెంటు లైన్లకు అంత సత్తువ లేదు. కొత్త లైన్లు పడేదాకా ఆగుదామని వాళ్లు కూర్చోలేదు. ఒడ్డున కూడా ఒక పెద్ద బ్యాటరీ పెట్టారు. పడవ నీళ్ల మీద ఉన్నంతసేపు ఊరి సన్నటి లైను దాన్ని నింపాదిగా నింపుతుంది. పడవ రాగానే అది ఒక్కసారిగా ఇచ్చేస్తుంది.

అమ్మాయి ఇది చదివి వినిపిస్తే అమ్మ వెంటనే పోల్చుకుంది. "పశువుల తొట్టి లెక్కనే. మోట బొక్కెన ఒక్కటే, వచ్చే ఎడ్లు యాభై. వచ్చినంక తోడితే అందుతాయా? పొద్దుగాలనే తొట్టి నింపి పెడ్తరు."

పడవ ఎక్కాక రెయిలింగు పక్కన నిలబడి నేను చాలాసేపు ఆ తొట్టి గురించే ఆలోచించాను. మా మండలంలో ఎవరిని అడిగినా మొదటి అడ్డంకిగా చెప్పేది లైను సత్తువే. వోల్టేజీ సరిపోదు, ట్రాన్స్‌ఫార్మర్ ఆగదు, ఇక్కడ బళ్లకు ఛార్జింగ్ ఏమిటంటారు. ఆ అడ్డంకికి పదేళ్ల కిందటే ఒక పల్లె రేవులో జవాబు దొరికింది. పగలు ఎండతో నింపితే మా తొట్టికి ఊరి లైనుతో అంతగా పని కూడా ఉండదు.

తిరిగొచ్చాక జహీరాబాద్‌లో బస్సు దిగి, న్యాల్‌కల్ దాకా ఒక కరెంటు ఆటోలో వచ్చాం. నడిపే అబ్బాయి ఛార్జి చూసుకుంటూ నడుపుతున్నాడు. తిరిగి పోవడానికి సరిపోవాలి కదా అన్నాడు. నార్వే పీఠభూమి మీద నా కళ్లు ఏ అంకె మీద ఉన్నాయో అతని కళ్లూ రోజంతా దాని మీదే.

రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో తెచ్చిన విధానంలో ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబరు 31 దాకా మాఫీ చేసింది. మంచి పని. కానీ అది ఎడ్లు కొనుక్కోవడానికి సాయం. తొట్లు కట్టడం మిగిలే ఉంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాల్లో పారిశ్రామిక మండలి తలపెట్టారు. పరిశ్రమ కోసం భూమి ఇచ్చిన ఊళ్లకు పరిశ్రమ ఫలం ముందు అందాలి. జహీరాబాద్‌లో తయారైన బండి న్యాల్‌కల్ రోడ్డు మీద భయం లేకుండా తిరగాలి.

అధికారులను, ప్రజాప్రతినిధులను, కర్మాగారాల యాజమాన్యాలను నేను అడిగేది చిన్నదే. న్యాల్‌కల్ మండలాఫీసు దగ్గర ఒకటి, హద్నూర్‌లో ఒకటి, ఝరాసంగం గుడి దగ్గర ఒకటి, పైన సోలార్ పలకలు, కింద నిలవ బ్యాటరీ, పక్కన నీడ, తాగే నీళ్లు, నలుగురు కూర్చోవడానికి బల్ల ఉన్న ఛార్జింగ్ జాగాలు కట్టండి. వచ్చే శివరాత్రి జాతరకు ముందే కట్టండి.