నారు పోసినవాడు

"నారు పోసినవాడు నీరు పోయడా?" అంటూ భారమంతా దేవుడిమీద వేయడం మనకు అలవాటు. పుష్యమాసంలో సూర్యాపేటనుంచి విజయవాడ రోడ్డున కోదాడకు, అక్కడినుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు వెళ్ళి చూడండి. ఆ సామెత అక్కడి రైతుకు ఎందుకు చాలదో తెలుస్తుంది.

యాసంగి వరికి నారుమడే ప్రాణం. విత్తనాలను 24 గంటలు నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టి, మొలకెత్తగానే దమ్ముచేసిన మడిలో చల్లుతారు. ఎకరానికి రెండు గుంటల నారు చాలు. కాని వరి చలికి ఓర్చుకోలేదు. రాత్రిళ్ళు మరీ చల్లబడితే మొక్క ఎదగదు. ఆకు పచ్చబడుతుంది, ఎర్రబడుతుంది.

కోదాడ దారిలో ఒక పెద్దాయన పొద్దున్నే గట్టు తెగ్గొట్టి నిండుమడిని ఖాళీ చేస్తున్నాడు. "ఉన్న నీళ్ళు పారబోస్తున్నావేం పెద్దయ్యా?" అన్నాను.

"రాత్రి మంచుకు సల్లబడ్డ నీళ్ళు సారూ! అండ్లనే నిలబెడితే నారు సచ్చిపోతది. బోరునీళ్ళు ఎచ్చగుంటయి, అవి పెడ్త" అన్నాడు.

నిజమే! భూగర్భజలానికి పైగాలి చలి అంతగా సోకదు. సాయంత్రం కాగానే వెదురుబద్దలమీద ప్లాస్టిక్ పట్టా పరచి, తెల్లవారి ఎండ రాగానే తీసివేసేవారూ ఉన్నారు. జింకు లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లుతారు.

ఇంత శ్రమ ఎందుకంటారా? నారు పోతే విత్తనాలు మళ్ళీ కొనవచ్చును. పోయిన నెలరోజులను కొనలేము. నాటు ఆలస్యమైతే పూతకు మండుటెండలు తగిలి గింజ తాలుపోతుంది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకు పునాదిరాయి పడింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఎడమకాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల పొలాలను మాగాణి చేసింది. మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు వెలిసినవి. అయితే సాగరులో నీరున్న ఏడైనా, కాలువ పొలందాకానే వస్తుంది. వేకువనే లేచి, ఏ నీరు ఉంచాలో ఏ నీరు తీయాలో చూసేది మాత్రం రైతే.

మిర్యాలగూడ బియ్యం మీ ఇంటికి వచ్చినప్పుడు, చలిలో గట్టుమీద నిలబడిన ఆ పెద్దాయనను ఒక్కసారి తలచుకోండి.